మార్కుల రిజిస్టరు నిండా అంకెలే, రేపటి పాఠానికి వాటిలో ఏది పనికొస్తుంది?

అయిదో_తరగతి_గది (ప్రశ్న)

అయిదో తరగతి, 38 మంది పిల్లలు. లెక్కలూ తెలుగూ ఒకే టీచరు చెప్పే తరగతి. చేతిలో ఉన్న సమాచారం ఇది: 20 మార్కుల యూనిట్ టెస్టు (స్థాన విలువలకు 8, తీసివేతలకు 6, పద సమస్యలకు 6), వారం వారం పెట్టే స్లిప్ టెస్టులు, హాజరు పట్టీ, నోటుపుస్తకాలు, ఏడాది మొదట్లో ఒక్కొక్కరి చేత చదివించి రాసుకున్న చదువు స్థాయిలు. యూనిట్ టెస్టు సగటు 12.

ఇన్ని ఉన్నా యూనిట్ అయ్యాక చేసేది ఒక్కటే. 8 కంటే తక్కువ వచ్చినవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పడం. తర్వాతి టెస్టులో వాళ్లలో కొందరికి మార్కులు పెరుగుతాయి, కొందరికి పెరగవు. ఎందుకు పెరిగాయో, ఎందుకు పెరగలేదో రిజిస్టరు చూస్తే అంతుపట్టదు.

తెలియాల్సినవి ఇవి. సగటు చూసి ఏదైనా నిర్ణయం తీసుకోవచ్చా? గ్రూపులు దేన్నిబట్టి చేయాలి, ఎన్నాళ్లు ఉంచాలి? హాజరు, చదువు స్థాయి లాంటివాటిని లెక్కల మార్కుల పక్కన పెట్టి ఎలా చూడాలి? 38 పేపర్లను ప్రశ్న ప్రశ్నకూ విడదీసి కూర్చునేంత తీరిక ఉండదు. ఉన్న సమయంలో అయ్యే పద్ధతే కావాలి.

---

లెక్కల_పలక

ముందు సగటు సంగతి. తరగతిలో అందరికీ 10 నుంచి 14 మధ్య వచ్చినా సగటు 12 రావచ్చు. సగం మందికి 18, సగం మందికి 6 వచ్చినా 12 వస్తుంది. మొదటి తరగతికి అందరినీ కలిపి ఒక పాఠం చెబితే సరిపోతుంది. రెండోదానికి రెండు వేర్వేరు పాఠాలు కావాలి. ఒక్కొక్కరి మొత్తం మార్కులదీ ఇదే తంతు. స్థాన విలువల్లో 8, తీసివేతల్లో 4, పద సమస్యల్లో 0 వచ్చినా 12. స్థాన విలువల్లో 2, తీసివేతల్లో 5, పద సమస్యల్లో 5 వచ్చినా 12. ఈ ఇద్దరికీ కావలసిన సాయం ఒకటి కాదు. కాబట్టి మీ రిజిస్టరులో మొత్తం గడి పక్కన మూడు చిన్న గడులు గీసి, విభాగాలవారీ మార్కులు వేయడం మొదలుపెట్టండి. దిద్దేటప్పుడే వేస్తే అదనపు పని అంటూ ఉండదు.

అసలు సరుకు ఇంకా లోపల ఉంది. తప్పు కొట్టి 0 వేసేటప్పుడు మనం పారేసేది, పిల్లలు ఏం రాశారన్నది. ఉదాహరణకు 503 − 267 తీసుకోండి. సరైన జవాబు 236. తప్పు జవాబుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవి:

364 రాస్తే, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశారని. 7లోంచి 3, 6లోంచి 0, 5లోంచి 2. అప్పు తెచ్చుకోవడమన్న ఆలోచనే ఇంకా రాలేదు.

336 రాస్తే, అప్పు తెచ్చుకోవాలని తెలుసు, సున్నాను 9గా మార్చాలనీ తెలుసు, కానీ ఆ 9 ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. అందుకే వందల స్థానంలో 5 అలాగే ఉండిపోయింది.

266 రాస్తే, సున్నా దగ్గర అప్పు దొరకదని దాన్ని దాటేసి నేరుగా 5 దగ్గరికి వెళ్లి తెచ్చారు. తర్వాత పదుల్లో 0లోంచి 6 పోదు కాబట్టి 6 వేసేశారు. అదే 206 వస్తే, అక్కడ 0 వేశారని.

ఈ నలుగురికీ రిజిస్టరులో పడేది ఒకటే సున్నా. 364 రాసిన పిల్లకు పుల్లల కట్టలతో మొదటినుంచి చూపించాలి. 336 రాసిన పిల్లకు అలా మొదటినుంచి చెబితే విసుగు తప్ప ఏమీ రాదు. ఆ పిల్లకు కావలసింది పది నిమిషాల పని: ఒక వంద కట్టను విప్పి పది పదుల కట్టలు చేయించడం, వాటిలో ఒకదాన్ని విప్పించడం, మిగిలినవి 9 అని తనచేతే లెక్కపెట్టించడం. మీ గ్రూపులో కొందరికి మార్కులు పెరిగి కొందరికి పెరగకపోవడానికి మొదటి కారణం ఇక్కడే ఉండొచ్చు. మళ్లీ చెప్పిన పాఠం కొందరి తప్పుకు మందు, మిగతావాళ్లకు కాదు. తీసివేతల్లో పిల్లల తప్పులు గాలివాటంగా రావనీ, ఒక తప్పు నియమాన్ని నిలకడగా పాటించడంవల్ల వస్తాయనీ బ్రౌన్, బర్టన్ 1978లోనే కంప్యూటరు నమూనాలతో చూపించారు.

ఇక సమయం. అన్ని ప్రశ్నలూ విడదీయకండి. విభాగానికి ఒక్క ప్రశ్న చాలు. ఒక కాగితం మీద వచ్చిన జవాబులన్నీ వరసగా రాసుకుంటూ, ప్రతి జవాబు కింద ఆ పిల్లల రోల్ నంబరు వేస్తూ పోండి. 38 పేపర్లకు పావుగంట పడుతుంది. కాగితం పూర్తయ్యేసరికి గ్రూపులు వాటంతటవే కనిపిస్తాయి. ఒకే తప్పు జవాబు తరగతిలో సగానికి పైగా రాస్తే లోపం పాఠంలో ఉంది, అందరికీ మరో దారిలో చెప్పాలి. నలుగురి నుంచి పదిమంది దాకా ఉంటే గ్రూపు. ఒకరిద్దరైతే మిగతావాళ్లు అభ్యాసం చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని చెప్పడమే. మరెవరికీ రాని వింత జవాబు ఒకటి ఉంటే దాన్నిబట్టి ఏదీ తేల్చకండి, ఆ పిల్లను పిలిచి "ఇది ఎలా చేశావో చెప్పు" అని అడగండి.

ఒప్పు పడ్డ జవాబులు కూడా కొన్నిసార్లు మోసం చేస్తాయి. దశాంశాల్లో "0.3, 0.35లలో ఏది పెద్దది?" అని అడిగితే దాదాపు అందరూ 0.35 అంటారు. వాళ్లలో చాలామంది 35 అనేది 3 కంటే పెద్దది కాబట్టి అలా అంటారు. అదే తర్కంతో 0.8, 0.45లలో 0.45 పెద్దదంటారు. ఇంకొందరు దీనికి సరిగ్గా తలకిందులుగా ఆలోచిస్తారు, అంకెలు తక్కువుంటే విలువ ఎక్కువని. వాళ్లకు 0.8, 0.45 ప్రశ్న ఒప్పవుతుంది, 0.3, 0.35 తప్పవుతుంది. రెండు రకాల ప్రశ్నలూ ఉంటేనే ఇద్దరూ దొరుకుతారు. ఒక్క రకమే పెట్టిన పేపరులో ఒకళ్లు తప్పించుకుంటారు, మీరేమో ఆ పాఠం అయిపోయిందనుకుని ముందుకెళతారు.

---

కొలత_గీత

లెక్కల_పలక గారు చెప్పిన కాగితం పద్ధతి బాగుంది. గ్రూపులు చేసే ముందు మాత్రం ఆ అంకెలు ఎంత బరువు మోయగలవో చూసుకోవాలి.

మొదటిది, కొద్ది ప్రశ్నల మీద తీర్పు. ఒక అంశానికి నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు మూడు పెట్టి, రెండు ఒప్పయితే వచ్చినట్టే అనుకుంటారు. ఏమీ రాకుండా గుడ్డిగా గుర్తుపెట్టినా కనీసం రెండు ఒప్పయ్యే అవకాశం 64లో 10, అంటే దాదాపు 16%. 38 మందీ గుడ్డిగా పెడితే ఆరుగురు "వచ్చినవాళ్ల" జాబితాలో చేరతారు. అందుకే తరగతిలో నిర్ణయాలకు ఆప్షన్ల ప్రశ్నకన్నా జవాబు రాయించే ప్రశ్న మేలు. ఆప్షన్లు పెట్టక తప్పకపోతే, ప్రతి తప్పు ఆప్షనూ ఒక తెలిసిన పొరపాటు నుంచి రావాలి. 503 − 267కు 364, 336, 266 ఆప్షన్లుగా పెడితే ఎవరు దేన్ని ఎంచుకున్నారో చూస్తే చాలు. 235, 237, 240 పెడితే ఏ సంగతీ తెలియదు.

రెండోది, ఆ 8 మార్కుల గీత. టెస్టు మరో రోజు పెడితే అదే పిల్లకు ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయి. కాబట్టి 7 వచ్చినవాళ్లు గ్రూపులో, 9 వచ్చినవాళ్లు బయట అన్న విభజనకు ఆధారం బలహీనం. గీతకు దగ్గరగా ఉన్నవాళ్లకు రెండో ఆధారం చూడండి: స్లిప్ టెస్టు గానీ నోటుపుస్తకం గానీ.

మూడోది మీరు అడిగిన "ఎందుకు పెరిగింది" అన్నదానికి జవాబు కావచ్చు. ఒకే టెస్టులో బాగా అడుగున ఉన్న ఎనిమిది మందిని ఏరితే, వాళ్లలో నిజంగా రానివాళ్లతోపాటు ఆ రోజు ఏదో కారణంవల్ల తక్కువ తెచ్చుకున్నవాళ్లూ ఉంటారు. ఈ రెండో రకంవాళ్లకు తర్వాతి టెస్టులో మార్కులు వాటంతటవే పెరుగుతాయి, మీరు ఏమీ చెప్పకపోయినా సరే. అలాగే మొదటి వరసలో ఉన్నవాళ్లలో కొందరికి తగ్గుతాయి. గణాంకశాస్త్రంలో దీన్ని సగటు వైపు తిరోగమనం అంటారు. దాన్ని మన బోధన ఫలితంగా లెక్కేసుకోకూడదు. రెండు వేర్వేరు రోజుల ఆధారాలతో గ్రూపు ఎంచుకుంటే ఈ పొరపాటు చాలావరకు తగ్గుతుంది.

నాలుగోది, ప్రశ్నే చెడ్డదైతే? ఎక్కువ మంది తప్పు చేసిన ప్రశ్న దగ్గర ఒక చిన్న పరీక్ష చేయండి. మొత్తం మార్కుల్లో పైనున్న 27%, అడుగునున్న 27% వేరు చేయండి. 38 మందిలో అది పదేసి మంది. (ఈ 27% పద్ధతికి గణిత ఆధారం చూపినవాడు ట్రూమన్ కెల్లీ, 1939లో.) ఆ ప్రశ్నకు పై పదిమందిలో ఎంతమంది ఒప్పు రాశారు, అడుగు పదిమందిలో ఎంతమంది రాశారు, తేడాను 10తో భాగించండి. పైన 9, అడుగున 3 అయితే 0.6, ప్రశ్న బాగా పనిచేస్తోంది. 0.2 కంటే తక్కువ వస్తే అనుమానించండి. పైన 4, అడుగున 7 అయి రుణసంఖ్య వస్తే పిల్లలను వదిలేసి జవాబుల కీ చూడండి. కీ తప్పయినా పడి ఉండాలి, ప్రశ్నలోని మాట రెండు రకాలుగా అర్థమయ్యేలా అయినా ఉండాలి. ఒక్క మినహాయింపు: అందరూ ఒప్పు రాసిన ప్రశ్నకు తేడా సున్నా వస్తుంది, అది ప్రశ్న లోపం కాదు.

---

అయిదో_తరగతి_గది

ఇద్దరికీ ధన్యవాదాలు. పేపర్లలో విభాగాలు విడదీసి చూస్తే పద సమస్యల్లో 0 వచ్చినవాళ్లు 11 మంది ఉన్నారు. వాళ్లలో ఏడుగురు మామూలు తీసివేతలు బాగానే చేశారు. ఏడాది మొదటి చదువు స్థాయిల్లో ఆ ఏడుగురిలో అయిదుగురు కింది స్థాయిలో ఉన్నారు. అంటే లోపం లెక్కలో లేదు, చదువులో ఉందని అనుకోవచ్చా? ఆ చదువు స్థాయిలను ఇప్పుడు నమ్మవచ్చా?

---

చదువు_మూల

అనుమానం సరైనదే, కానీ ఇంకా తేలలేదు. తేల్చడానికి పిల్లకు అయిదు నిమిషాలు చాలు. ఆస్ట్రేలియాలో ఆన్ న్యూమన్ 1977లో ఇందుకోసమే ఒక వరస పెట్టారు. తప్పు చేసిన పద సమస్యను మళ్లీ ముందు పెట్టి ఇలా అడగాలి: ఈ ప్రశ్న చదువు. ఇందులో ఏం అడుగుతున్నారో నీ మాటల్లో చెప్పు. ఎలా చేస్తావో చెప్పు. చేసి చూపించు. ఇప్పుడు జవాబు రాయి. ఎక్కడ ఆగిపోతే అడ్డు అక్కడ ఉంది. మధ్యలో సరిదిద్దకండి, "బాగా ఆలోచించు" అని ఎగదోయకండి. సరిదిద్దితే కొలత పాడై పాఠమవుతుంది.

దీనికి నేను ఒకటి చేర్చమంటాను. చదవలేక ఆగిన పిల్లకు ప్రశ్న మీరు చదివి వినిపించండి. వినగానే చేసేస్తే అడ్డు అక్షరాల దగ్గరే. విన్నా చేయలేకపోతే అర్థం దగ్గర గానీ, ఏ లెక్క చేయాలో తేల్చుకోవడం దగ్గర గానీ ఉంది. ముఖ్యంగా "ఎంత ఎక్కువ?" అని అడిగిన తీసివేత లెక్కలో చాలామంది "ఎక్కువ" అన్న మాట చూసి కూడేస్తారు. వాళ్లకు చదవడం వచ్చు. పరిస్థితిని బొమ్మగా గీయించడం వాళ్లకు కావలసిన పాఠం.

ఏడాది మొదటి చదువు స్థాయిలు ఇప్పుడు పనికిరావు, ముఖ్యంగా కింది స్థాయి పిల్లల విషయంలో. మారేది ఎక్కువగా వాళ్ల స్థాయే. ఆ 11 మందిని మళ్లీ చదివించండి, అందరినీ అక్కర్లేదు.

పద్ధతి ఇది. పిల్లకు కొత్తదైన, 100 పదాల పాఠ్యభాగం ఒకటి తీసుకోండి. మీ దగ్గర దాని నకలు ఒకటి ఉండాలి. పిల్ల గట్టిగా చదువుతుంటే సరిగా చదివిన పదం మీద టిక్కు, తప్పు చదివితే పైన ఏమని చదివిందో అచ్చంగా అదే రాయండి. వదిలేస్తే అడ్డగీత. తప్పు చదివి తనే దిద్దుకుంటే "ది" అని రాయండి, దాన్ని తప్పుగా లెక్కించకూడదు. మేరీ క్లే రూపొందించిన రన్నింగ్ రికార్డు పద్ధతి ఇదే. 100కు 95 గానీ ఆపైన గానీ సరిగా చదివితే ఆ పాఠం సొంతంగా చదువుకోగలదు. 90 నుంచి 94 అయితే టీచరు తోడుంటే చదవగలదు. 90 కంటే తగ్గితే ఆ పాఠం ఇప్పటికి బరువు. అలాంటి భాషలో ఉన్న పద సమస్య ఇచ్చి లెక్క రాదనడం అన్యాయం.

శాతంతో ఆగిపోతే మార్కుల రిజిస్టరు దగ్గరికే తిరిగి వచ్చినట్టు. తప్పుల రకం చూడండి. "పుస్తకం" అన్నదాన్ని "పుసకం" అంటే ఒత్తు జారిపోతోంది. "కాలువ"ను "కలువ" అంటే దీర్ఘం జారింది. "కాలువలో నీళ్లు పారుతున్నాయి" అన్న వాక్యాన్ని "కలువలో నీళ్లు పారుతున్నాయి" అని చదివి ఆగకుండా వెళ్లిపోయిందా, లేక ఒక్క క్షణం ఆగి వెనక్కి వచ్చి దిద్దుకుందా? దిద్దుకున్న పిల్ల అర్థం వింటూ చదువుతోంది. ఆమెకు గుణింతాల మీద చురుకుదనం వస్తే చాలు. ఆగకుండా వెళ్లిపోయిన పిల్లకు అక్షరాలు పలకడమే చదవడం. ఆ పిల్లకు ప్రతి రెండు వాక్యాలకూ ఆపి "ఇప్పుడు ఏం జరిగింది?" అని అడిగే సాధన కావాలి. మొదటి అక్షరం చూసి పదం ఊహించేవాళ్లు మూడో రకం, పొడవైన పదాలన్నీ తోక మార్చి చదువుతారు. వాళ్లకు పదాన్ని వేలితో విడదీసి చదివించాలి.

ఒక జాగ్రత్త. నిమిషానికి ఇన్ని పదాలు చదవాలి అనే ఇంగ్లీషు పట్టికలు చాలా తిరుగుతుంటాయి. వాటిని తెలుగు చదువుకు పెట్టకండి. "వెళ్లిపోతున్నాడనుకున్నాను" మనకు ఒక్క పదం, ఇంగ్లీషులో అది నాలుగైదు పదాలు. వేగం చూడాలంటే ఏ పిల్లను ఆ పిల్లతోనే పోల్చండి: ఒకే స్థాయి పాఠ్యభాగం, ఆరు వారాల ఎడం.

---

హాజరు_పుట

హాజరు శాతం రాసి పెట్టుకుంటే దాదాపు ఏమీ తెలియదు. 85% హాజరున్న పిల్ల వరసగా రాని నాలుగు రోజులూ అప్పు తెచ్చుకోవడం చెప్పిన రోజులే కావచ్చు. పాఠం డైరీలో ఏ తేదీన ఏ అంశం మొదలైందో ఉంటుంది. ఆ తేదీల హాజరు ఒక్కటే తీసి లెక్కల_పలక గారి జవాబుల కాగితం పక్కన పెట్టండి.

అప్పుడు రెండు గుంపులు విడిపోతాయి. ఆ రోజుల్లో రానివాళ్లు, తప్పు చేసినవాళ్లు: వాళ్లు ఆ పాఠం విననే లేదు, మొదటిసారి చెప్పినట్టు చెబితే చాలామందికి వచ్చేస్తుంది. ఆ రోజుల్లో వచ్చి కూడా తప్పు చేసినవాళ్లు: అదే పాఠం అదే మాటల్లో మళ్లీ చెబితే అదే తప్పు గట్టిపడుతుంది. వస్తువు మార్చాలి, బొమ్మ మార్చాలి, ప్రశ్న మార్చాలి. వీళ్లిద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టడం చాలా తరగతుల్లో జరిగే పొరపాటు.

నోటుపుస్తకాల గురించి ఒక మాట. ఇంటిపని ఒప్పుల శాతాన్ని ఆధారంగా తీసుకోకండి. ఎవరు సాయం చేశారో, ఎవరిది చూసి రాశారో తెలియదు. నోటుపుస్తకంలో చూడాల్సింది కొట్టివేతలు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ కొట్టేశారో అక్కడ ఆలోచన కనిపిస్తుంది. రబ్బరుతో చెరపవద్దు, ఒక్క గీతతో కొట్టెయ్యండి అని పిల్లలకు అలవాటు చేస్తే ఆ ఆధారం మిగులుతుంది.

---

లెక్కల_పలక

యూనిట్ టెస్టు దాకా ఆగడం కూడా ఆలస్యమే. తప్పు నియమంతో మూడు వారాలు అభ్యాసం చేసిన పిల్లకు అది అలవాటైపోతుంది. రోజువారీకి రెండు పద్ధతులు చాలు.

ఒకటి, పాఠం మధ్యలో పలకలు. ఒక ప్రశ్న వేసి అందరూ రాశాక ఒకేసారి ఎత్తమనాలి. చేతులెత్తినవాళ్లను అడగడం కూడా సమాచారమే, కాకపోతే వచ్చినవాళ్ల సమాచారం. ముగ్గురు సరిగా చెబితే తరగతంతటికీ వచ్చిందనిపిస్తుంది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తాయనీ మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. పలకల పద్ధతిలో ఆ ఆగడం దానంతటదే జరుగుతుంది.

రెండోది, పీరియడ్ చివరి అయిదు నిమిషాల్లో చిన్న కాగితం ముక్క. ఒకే ప్రశ్న. "ఈరోజు అర్థమైందా?" అని అడగకండి, అందరూ అవునంటారు. ఒక లెక్క ఇచ్చి, కింద "ఎలా చేశావో ఒక్క వాక్యంలో రాయి" అనండి. ముక్కలను మూడు కుప్పలు చేయండి: జవాబూ కారణమూ సరైనవి, జవాబు సరైనదే కానీ కారణం తేలనివి, తప్పులు. మధ్య కుప్ప మీదే ఎక్కువ సేపు ఉండండి. 38 ముక్కలకు పది నిమిషాలు. మర్నాటి పాఠం మొదటి పది నిమిషాలూ ఆ కుప్పలను బట్టే. వారానికి రెండుసార్లు చాలు. రోజూ పెడితే చూడటానికి తీరికుండదు, చూడని ముక్కలు రాయించడం పిల్లల శ్రమను వృథా చేయడమే.

---

కొలత_గీత

ఆ ముక్కల మీద మార్కులు వేయకండి. రూత్ బట్లర్ 1988లో చేసిన ప్రయోగంలో కేవలం వ్యాఖ్య రాసి ఇచ్చిన పిల్లలు తర్వాతి పనిలో మెరుగయ్యారు. మార్కుతోపాటు వ్యాఖ్య కూడా ఇచ్చినవాళ్ల ఫలితం మార్కు మాత్రమే ఇచ్చినవాళ్లకు దగ్గరగా ఉంది. మార్కు కనబడగానే పక్కవాడికి ఎంతని చూస్తారు తప్ప వ్యాఖ్య చదవరు. పైగా ముక్కకు మార్కుందంటే పిల్లలు పక్క ముక్కలోకి చూస్తారు, మీకు అబద్ధపు సమాచారం వస్తుంది.

వ్యాఖ్య కూడా పని చెప్పేలా ఉండాలి. "ఇంకా శ్రద్ధ పెట్టు" అంటే ఏం చేయాలో తెలియదు. "సున్నా 9 అయింది కదా, ఆ కట్ట ఎక్కడినుంచి వచ్చింది? వందల స్థానం మళ్లీ చూడు" అంటే చేయడానికి పని ఉంది. మర్నాడు ఆ పని చేయడానికి తరగతిలోనే అయిదు నిమిషాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే రాసిన వ్యాఖ్య రాసినట్టే ఉంటుంది.

గ్రూపుల కాలం గురించి అడిగారు. గ్రూపు ఒక నైపుణ్యానికి కట్టాలి, పిల్లకు కాదు. "సున్నా దాటి అప్పు తెచ్చుకోవడం" గ్రూపు వారం పది రోజులుంటుంది, అది రాగానే లేదు. అదే పిల్ల వచ్చే వారం దశాంశాల్లో మరో గ్రూపులో ఉండొచ్చు, మరొకరికి చెప్పే స్థానంలోనూ ఉండొచ్చు. ఏడాదంతా అవే అయిదుగురు అదే మూల కూర్చుంటే పిల్లలకు అర్థమయ్యే సంగతి ఒకటే, దాన్ని తర్వాత చెరపడం చాలా కష్టం.

---

అయిదో_తరగతి_గది

ఇప్పుడు అనుకుంటున్న పని ఇది. సోమవారం: ఆ 11 మందికి న్యూమన్ ప్రశ్నలు, రోజుకు ముగ్గురు నలుగురు చొప్పున మూడు రోజుల్లో. మిగతావాళ్లు ఆ సమయంలో అభ్యాసం. తీసివేతల్లో 336 రాసినవాళ్లు ఆరుగురు, 364 రాసినవాళ్లు తొమ్మిది మంది. 364 వాళ్లలో నలుగురు ఆ పాఠం రోజుల్లో రాలేదు, వాళ్లను వేరు చేశాను. శుక్రవారం 503 − 267 మళ్లీ ఇచ్చి చూద్దామనుకుంటున్నాను. ఇందులో తప్పేమైనా ఉందా?

---

లెక్కల_పలక

శుక్రవారం ప్రశ్న ఒక్కటి మార్చండి. 503 − 267 ఇస్తే 236 అని గుర్తుండి రాసేవాళ్లుంటారు. 704 − 358 ఇవ్వండి. సరైన జవాబు 346. పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసేవాళ్లకు 454, వందను తగ్గించనివాళ్లకు 446, సున్నాను దాటేసి పదుల్లో 5 వేసేవాళ్లకు 356. నాలుగూ వేర్వేరు కాబట్టి జవాబు చూడగానే రకం తెలుస్తుంది.

అంకెలు ఎంచుకునేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఒకట్ల స్థానంలో తేడా 5 వచ్చేలా పెట్టకండి. 503 − 268 అయితే 8లోంచి 3 తిరగేసి తీసేసినా 5, అప్పు తెచ్చుకుని 13లోంచి 8 తీసేసినా 5. ఒకట్ల అంకె చూసి ఎవరు ఏం చేశారో చెప్పలేరు. 400 − 163 లాంటివి కూడా ఇప్పుడే వద్దు. రెండు సున్నాలుంటే తప్పు మొదటి సున్నా దగ్గర జరిగిందా, రెండోదాని దగ్గరా అన్నది కలిసిపోతుంది.

శుక్రవారం ఒప్పు రాసినవాళ్లను గ్రూపులోంచి తీసేయండి, పేర్లు మాత్రం కొట్టేయకండి. చెప్పిన వారంలోనే పెట్టిన టెస్టు ఎప్పుడూ కాస్త ఎక్కువ చూపిస్తుంది. మూడు వారాల తర్వాత వేరే పాఠం స్లిప్ టెస్టులో ఇలాంటి లెక్క ఒకటి చెప్పకుండా కలపండి. అప్పుడూ సరిగా చేసినవాళ్ల పేర్లే కొట్టేయాలి.

---

చదువు_మూల

న్యూమన్ ప్రశ్నలు అడిగేటప్పుడు పిల్ల చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, "అర్థం కాలేదు" అని మీ మాటల్లో కుదించకండి. 11 కాగితాలు పక్కపక్కన పెట్టినప్పుడు "ఎక్కువ అన్నారు కాబట్టి కలిపాను" అన్న వాక్యం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మూడుకు మించి వస్తే ఒక్కొక్కరికి చెప్పే పని మానేసి, గురువారం తరగతి మొత్తానికి ఆ ఒక్క మాట మీదే పాఠం పెట్టండి. అదే పొరపాటు చేసినా వేరే మార్కులు కలిసొచ్చి జాబితాలో పడనివాళ్లు మిగతా 27 మందిలోనూ ఉంటారు.